నాలుగు లారీల రూటు

తనూజ రొట్టె తడుతూనే రూటు చెప్పేది. ఆ ఇంట్లో అదొక పద్ధతి. మొగుడు మహేందర్ వంటింటి గడపలో నిలబడి, ఏదో మాటవరసకు అడిగినట్టు "రేపు నాలుగు లారీలున్నయ్, ఎట్ల తోలాలె?" అనేవాడు. పెళ్లికి ముందు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసిన మనిషి ఆమె. ఏ రోడ్డున ఎత్తు ఎక్కువ, ఎక్కడ ఆగితే డీజిల్ దండగ, తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ చేతి పిండి ఆరకముందే చెప్పేసేది. అతను ఫలక్‌నుమాలో లారీల అడ్డా మీదికి పోయి అదంతా తన తెలివిగా డ్రైవర్లకు వినిపించేవాడు. డీజిల్ మిగిలేది, పేరు అతనికి పోయేది. "నా కొడుకు బుర్రంటే బుర్ర" అని అత్త రాజమణి గల్లీ అంతా చాటేది. "నువ్వు అడ్డా మీదికి రాకు, డ్రైవర్లు నవ్వుతరు" అనేవాడు మహేందర్. తనూజకు కడుపు మండేది. అయినా రొట్టె మాత్రం ఎన్నడూ మాడనివ్వలేదు.

శ్రీశైలం ఘాటు రూటు కూడా ఆమే చెప్పింది. "బండికీ బండికీ దూరం ఉంచున్రి. గేర్లనే దిగాలె. డీజిల్ కోసమని న్యూట్రల్ల ఏస్తే బ్రేకులు కాల్తయ్, బండి ఆగది."

మహేందర్ నవ్వాడు. "న్యూట్రల్ల వదిలితే చుక్క డీజిల్ కాలది. నీకేం ఎరుక? కూర చూస్కో పో."

డ్రైవర్లకు న్యూట్రల్ అనే చెప్పాడు. అందరికంటే వెనక లారీ డ్రైవర్ అంజన్‌ది. బ్రేకులు కాలిపోయి, పోయి పోయి ముందు లారీని గుద్దింది. అంజన్ మిగల్లేదు.

దినాలు కాకముందే అతని భార్య అమల వచ్చి వాకిట్లో నిలబడింది. "మా ఆయనను న్యూట్రల్ల దిగుమన్నది ఎవరు, అన్నా?" అంది. ఆమె ఏడవలేదు. అది చూసే తనూజకు భయమేసింది.

మహేందర్ తల దించుకున్నాడు. "రూట్లన్నీ మా ఇంటామె చెప్తదమ్మా. నేను తోలిస్త, గంతే."

ఇన్నేళ్లకు నలుగురిలో ఆమె పనిని ఆమెదన్నాడు మహానుభావుడు!

రాజమణి కోడలి చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగింది. "నేనే అని ఒప్పుకో బిడ్డా. ఆడదాన్ని ఎవ్వరేమంటరు? వాడు జైలుకు పోతే ఇల్లు మునుగుతది."

తనూజ చెయ్యి విడిపించుకుంది. పిండి చేతులతోనే గడప దాటింది.

"రూటు నాదే అక్కా. గేర్ల దిగుమన్న. న్యూట్రల్ల దిగుమన్నది ఈయన. ఠాణాల గిదే చెప్త, నడు."

"పెనం మీద రొట్టె మాడుతున్నదే!" అని వెనకనుంచి అరిచింది రాజమణి.

తనూజ అప్పటికే చెప్పులేసుకుంది.