సరంగుల వీధిలో తెరుచుకున్న తలుపులు

నేను ఒక మనిషిని వేలసార్లు చంపిన ఆటపెట్టెను. అందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పైగా పిల్లలు వరసలో నిలబడి, నాణేలు వేసి మరీ వాణ్ని చంపేవారు. నా ఎదుట నిజంగా ఒక ప్రాణం పోయాకే పోలీసులకు నేను కనబడ్డాను.

పుట్టింది విశాఖపట్నం పాతఊళ్లో, రేవుకు దగ్గర్లో ఉన్న సరంగుల వీధిలో. నన్ను ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. చేసింది నూకరత్నం. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేది. ఆ దుకాణం వెనక పారేసిన పాత కంప్యూటరే నా బుర్ర. వెనకాల వీపు ఉబ్బిన పాతకాలపు టీవీ నా మొహం. చేపలు పంపే చెక్కపెట్టెల పలకలు నా ఒళ్లు. ఎన్ని పూతలు రంగు వేసినా వానాకాలంలో నా దగ్గర చేపల వాసనే. ఆట నడిపే కర్రకు మాత్రం రత్నం తన అన్న ఆటో హ్యాండిలుకున్న నల్ల రబ్బరు తొడుగు కోసి తెచ్చి తొడిగింది.

అన్న పేరు అసిరయ్య. చిన్నప్పుడు చెల్లెల్ని ఎగ్జిబిషనుకు తీసుకెళ్లి, తను టీ మానుకుని ఆమెచేత వీడియో గేములు ఆడించినవాడు. నేను పుట్టేసరికి ఆయన లేడు. ఆయన లేకుండా పోయాడు గనకే నేను పుట్టాను.

ఆ చుట్టుపక్కల సన్యాసిరావు మాటే మాట. పేరుకు సన్యాసి గాని, వదులుకున్నది ఏదీ లేదు. ఒకసారి అతని మనుషులు చేపల బజారు రోడ్డు మీద ఒకణ్ని నరికి పడేశారు. "ఈణ్ని ఎవుడూ బండెక్కించకూడదు" అని చెప్పి మరీ పోయారు. ఆటోలన్నీ వెనక్కి తిరిగిపోయాయి. అసిరయ్య ఒక్కడే ఆగాడు. రెండు చేతుల మీద ఎత్తి పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాడు. ఆ మనిషి బతికాడు.

మర్నాడు పొద్దున అసిరయ్య వీధి కుళాయి దగ్గర ఆటో సీటుకంటిన నెత్తురు కడుగుతున్నాడు. సన్యాసిరావు తనే వచ్చాడు. పెద్ద చేపల్ని నరికే కత్తితో మెడ మీద ఒకటి, భుజం మీద ఒకటి వేశాడు. అసిరయ్య పడిపోలేదు. మెడ మీద చెయ్యి అదుముకుని ఇంటింటి తలుపూ కొట్టుకుంటూ వెళ్లాడు. కొట్టిన ప్రతి తలుపు మీదా ఎర్రటి అరచెయ్యి పడింది. ఒక్కటీ తెరుచుకోలేదు. చివరికి చేపలమ్మే దానయ్యమ్మ గుమ్మం మీద బోర్లా పడ్డాడు. రత్నం దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చేసరికి చెయ్యింకా ఆ గడప మీదే ఉంది.

కోర్టులో వీధివీధంతా ఒకటే మాట. "నోపలున్నాం బాబూ. ఏటీ సూళ్లేదు." దానయ్యమ్మా అదే చెప్పింది. అసిరయ్యతో కలిసి ఆటో స్టాండులో పెరిగిన గురువులూ అదే చెప్పాడు. కేసు కొట్టేశారు. సన్యాసిరావు మెడలో దండలతో, టపాకాయల మోత మధ్య అదే వీధిలోంచి ఊరేగాడు.

రత్నం ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. నన్ను కట్టడం మొదలుపెట్టింది.

నాలో బొమ్మలన్నీ పాతకాలపు ఆటల్లోలా చదరపు చుక్కలే. అయినా ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. ఖాకీ చొక్కా ఆటోవాడు, కుళాయి, వరసగా ఇళ్లు. కత్తులతో మనుషులు వస్తారు. వాళ్లను దాటితే ఆఖర్న పసుప్పచ్చ చొక్కాతో, ఒక భుజం దించుకుని నడిచే పెద్దవాడు వస్తాడు. వాణ్ని ఒక్కడివే గెలవలేవు. నరుకులు తప్పించుకుంటూ తలుపులు కొట్టాలి. సరైన సమయంలో కొడితే తలుపు తెరుచుకుని మనుషులు కర్రలతో బయటికొస్తారు. లేకపోతే ఖాకీ చొక్కా కుళాయి దగ్గర కూలిపోతుంది, తెరంతా ఎర్రచుక్కలు పాకుతాయి, వాటి మీద తెల్లటి అక్షరాలు పడతాయి: "తలుపులు మూసి ఉన్నాయి."

రత్నం నన్ను ముందుగదిలో, వీధికి ఎదురుగా పెట్టింది. మొదట పిల్లలొచ్చారు, తర్వాత పెద్దవాళ్లు. మనుషులు వింతైనవాళ్లు. ఆ పొద్దున గొళ్లెం పెట్టుకుని గోడకు అతుక్కుపోయినవాళ్లే నా దగ్గర చెమటలు కక్కుతూ తలుపులు బాదేవారు. గురువులు రోజూ వచ్చేవాడు. ఓడిపోతే ఆ తెల్ల అక్షరాల వంక కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. సన్యాసిరావు దగ్గర తిరిగే ఎల్లాజీ అనే కుర్రాడు కూడా దొంగచాటుగా వచ్చేవాడు. వాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు. తన యజమానిని చంపడంలో వీధిలో వాణ్ని మించినవాడు లేడు.

దానయ్యమ్మ మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేపలబుట్ట దించుకుని, ఎవరో ఒకరు గెలిచేదాకా బయటే నిలబడి చూసేది.

కబురు సన్యాసిరావుకు అందింది. ఒక మధ్యాహ్నం తనే వచ్చాడు. పిల్లలు గోడవారగా జారుకున్నారు. నాణెం వేసి ఆడాడు. ఖాకీ చొక్కాను నడిపిస్తూ, తన బొమ్మ చేతిలోనే నరుకులు తిన్నాడు. పెద్దగా నవ్వాడు.

"బాగా దింపేవే రత్నం! భుజం కూడా అలాగే వొంచేవు. నా బొమ్మ నాకు నచ్చింది, ఉండనీ" అన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఆ తలుపులు తెరుసుకోడం ఉంది సూడు, అది తీసీ."

"తియ్యను" అంది రత్నం.

"ఎందుకే?"

"నీకు బయ్యమేసింది గదా, అందుకు."

అతను నా తెర మీద చేత్తో రెండుసార్లు మెల్లగా తట్టి వెళ్లిపోయాడు. కత్తి పట్టిన బొమ్మను చూసి మురిసిపోయిన మనిషి, తెరుచుకునే తలుపు బొమ్మను ఓర్చుకోలేకపోయాడు.

ఆదివారం పొద్దున వచ్చాడు, ఇద్దర్ని వెంటేసుకుని. ఒకడు పాతకాపు. రెండోవాడు ఎల్లాజీ. వాడి చేతిలో ఇనపరాడ్డు.

"కొట్రా" అన్నాడు సన్యాసిరావు.

ఎల్లాజీ నా మొహంలోకి చూశాడు. రాడ్డు పైకి లేచి అక్కడే ఆగింది. సన్యాసిరావు వాడి చెంప మీద కొట్టాడు. అప్పుడు కళ్లు మూసుకుని కొట్టాడు వాడు. తెర బాంబులా పేలింది. గాజుముక్కలు రత్నం మొహం నిండా గుచ్చుకున్నాయి. రెండో దెబ్బకు నా పక్కపలక ఊడి వేలాడింది. రత్నం ఆ పలకే పీకి సన్యాసిరావు నెత్తిన బాదింది. మేకులున్న వైపు తగిలింది. నెత్తురు కనుబొమ మీంచి కారుతుంటే అతను తుడుచుకోలేదు. ఆమె కుడిచెయ్యి పట్టి నా మీటల బల్ల మీద పరిచి అదిమాడు.

"ఈ సెయ్యేనా రాసింది?"

ఎల్లాజీ చేతిలోని రాడ్డు లాక్కుని మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నా చెక్కల్లోకి దిగింది. ఆమె అరుపుకు వీధి చివర కుక్కలు లేచాయి. జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చుకుపోయాడు. వాకిలి తెరిచే ఉంది గనక అంతా నా ఎదుటే జరిగింది.

"కొట్టవే తలుపులు! మీ అన్న కొట్టినట్టు కొట్టు. ఎవుడొస్తాడో సూద్దాం" అని దానయ్యమ్మ గుమ్మం మీదికి విసిరాడు.

రత్నం ఎడంచేత్తో తలుపు కొట్టింది. మళ్లీ కొట్టింది. సన్యాసిరావు నడుము వెనకనుంచి కత్తి తీశాడు.

తలుపు తెరుచుకుంది. దానయ్యమ్మ చేతిలో చేపలకత్తి. రోజూ బజార్లో చేసే పనిలాగే, వంగి, అతని మోకాలి వెనక ఒక్క వేటు వేసింది. సన్యాసిరావు తెగిన మోకులా కూలాడు. కత్తి ఎగిరి కాలవలో పడింది.

అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. ఎదురింటిది, పక్కింటిది, మూలింటిది. తెడ్లు, రోకళ్లు, ఇటుకలు. అందరికంటే ముందు గురువులు, చేతిలో ఆటో జాకీ రాడ్డుతో. సన్యాసిరావు రెండో మోకాలు విరిగింది, దవడ పగిలింది. పాతకాపు గోడ దూకి పారిపోయాడు. జనం వగరుస్తూ కొడుతున్నారు. బొంగురుపోయిన గొంతుతో రత్నం అరుస్తోంది: "సంపకండి! ఆడు కోర్టుకెళ్లాల! సంపకండి!"

ఆమె అతని మీదికి అడ్డంగా పడింది. అందువల్ల సన్యాసిరావు బతికాడు.

జనం ఆగారు. ఆగి, చుట్టూ చూశారు. చేతులింకా దాహంతో ఉన్నాయి. ఎల్లాజీ భయపడి నా వెనక, గోడకూ నాకూ మధ్య సందులో దూరి ఉన్నాడు. ఎవరో చూసి కేకేశారు. కాళ్లు పట్టి బయటికి లాగారు. వాడు నా అడుగుపలకను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"గురువులు మావా! నానేటీ సెయ్యలేదు మావా! నీ పక్కన నిలబడి ఆడేను గదా, మావా!"

వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశారు. మొదటి దెబ్బకు వాడు అమ్మా అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. అయినా కొట్టారు. గురువులు ఏడుస్తూ కొట్టాడు. "అసిరీ, అసిరీ" అంటూ కొట్టాడు. గాజుపెంకుల మీద వాడి తల చప్పుడు మారిపోయేదాకా కొట్టారు. వీధిలోంచి రత్నం మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. ఆలస్యమైపోయింది.

తలుపు కొట్టడం వాళ్లకు నేనే నేర్పాను. కొట్టడం ఆపే మీట మాత్రం నాలో లేదు. అలాంటిదొకటి కావలసి వస్తుందని రత్నానికి తోచలేదు.

పోలీసులు వచ్చేసరికి వీధి ఖాళీ. కుళాయి మాత్రం కారుతోంది. "నోపలున్నాం బాబూ" అన్నారు లోపల్నుంచే. ఆ కుర్రాణ్ని సన్యాసిరావు మనుషులే వాళ్లలో వాళ్లు కొట్టి చంపుకున్నారని ఎవరో చెప్పారు. అందరూ అదే పట్టుకున్నారు.

రత్నం ఆస్పత్రి నుంచి చేతికి కట్టుతో ఇంటికొచ్చిన రోజు గురువులు వచ్చాడు. కొబ్బరిబొండాలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. నేల మీద ఎల్లాజీ పడిన చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, రేపు ఎస్సై అడుగుతాడు. నువ్వు సొమ్మసిల్లి పడిపోయేవు, ఏటీ తెలీదు. సన్యాసిగాడి మాట ఎలాగా సెప్తావు. ఆ మాటొక్కటీ సెప్పు, సాలు."

"ఆడు నిన్ను మావా అని పిలిసేడు గదా అన్నా?"

గురువులు తల వంచుకున్నాడు. "మీ అన్నంటే నాకు పేణం. ఆ రోజు గొళ్లెం మీద సెయ్యేసి నిలబడిపోయేను. తియ్యలేకపోయేను. ఆడు కొడతన్న సప్పుడు ఇప్పటికీ ఇనిపిస్తాది. అందుకే…"

"తలుపు తియ్యనందుకు ఆ కుర్రోణ్ని సంపేవా?"

గురువులు లేచి, మళ్లీ ఆ చోటు చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు. ఆ రాత్రి రత్నం నాకు వీపు ఆనించుకుని పడుకుంది. నిద్రపోలేదు. మర్నాడు ఎస్సైకి అంతా చెప్పింది, గురువులు పేరుతో సహా. నన్ను సాక్ష్యానికని వ్యానెక్కించి తీసుకుపోతుంటే వీధిలో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఇంటి గోడ మీద ఎవరో పేడ కొట్టారు.

విచారణ నాడు నన్ను కోర్టు హాల్లో ఒక మూల నిలబెట్టారు. సన్యాసిరావును చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. గురువులు బోనులో ఉన్నాడు. రత్నం హాల్లోకి వస్తుంటే గురువులు భార్య ఆమె కాళ్ల ముందు ఉమ్మింది. రత్నం చూసి, పక్కనుంచి నడిచింది.

అందరూ వీధి మాటే చెప్పారు. దానయ్యమ్మ వంతు వచ్చింది. మళ్లీ అదే మాట వస్తుందనుకుని జడ్జిగారు కలం పక్కన పెట్టబోయారు. ముసలమ్మ బోను కర్ర పట్టుకుని, "ఆ సన్నాసోణ్ని నరికింది నానే. రాసుకోండి. ముందర అసిరిగాడు నా గడప మీద సచ్చిపోతంటే సూసింది కూడా నానే. అదీ రాసుకోండి" అంది. జడ్జిగారు మళ్లీ కలం అందుకున్నారు.

తర్వాత రత్నం. గురువులు తరఫు వకీలు ఆమెను మెత్తగా అడిగాడు.

"అమ్మా, ఈ మనుషులు రాకపోతే మీరు ఈ రోజు బతికి ఉండేవారా?"

"ఉండను."

"మీ ప్రాణం కాపాడినవాళ్ల మీదే మీరు సాక్ష్యం చెబుతున్నారు. ఇది న్యాయమేనా?"

రత్నం బోనులో ఉన్న గురువులు వైపు తిరిగింది. "నన్ను బతికించింది ఈళ్లే. ఎల్లాజీని సంపింది కూడా ఈళ్లే. రెండూ నా కళ్లతో సూసేనండి. ఒకటే సెప్పమంటే ఎలాగండి?"

గురువులు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

రత్నాన్ని చంపబోయినందుకు సన్యాసిరావుకు యావజ్జీవం పడింది. గురువులుకూ మరో ఇద్దరికీ జైలు పడింది. దానయ్యమ్మ కొట్టిన దెబ్బ ప్రాణం కాపాడడానికేనని వదిలేశారు. తీర్పు చదివాక నన్ను గోదాముకు తోసుకుపోతూ జవాన్లు బీడీ కోసం వరండాలో ఆపారు. అక్కడినుంచి కోర్టు మెట్లు కనిపిస్తున్నాయి.

రత్నం ఒంటరిగా బయటికొచ్చింది. జనం దారి ఇచ్చారు గాని ఎవరూ దగ్గరికి రాలేదు. పైమెట్టు మీద ఆగిపోయింది. అతుక్కున్న మణికట్టు వంకరగా ఉండి, పిట్టగోడ పట్టుకుందామంటే పట్టు దొరకలేదు. అప్పుడు, స్తంభం చాటున నిలబడి ఉన్న ఒక నల్లటి, పొట్టి మనిషి ఆమె దగ్గరికి వచ్చింది. ఎల్లాజీ తల్లి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తల్లి రత్నం వంకర చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఒక్కో మెట్టే దింపడం మొదలుపెట్టింది.