కాయిల్ కింద చీటీ

నేను ఒక చవకరకం ఎలక్ట్రిక్ గిటారుని. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. తర్వాత ఇంకెవరో చెప్పగా విని మీరు ముఖం ముడుచుకోవడం నాకిష్టం లేదు. నన్ను చేసిన ఫ్యాక్టరీలో రోజుకు నాలాంటివి మూడు వందలు బయటికి వచ్చేవి. నా ఒళ్లు ఏ కలపతో చేశారో నాకే తెలియదు. పైన వేసిన ఎర్రరంగు మాత్రం ఎంత ఖరీదైన గిటారుకూ తీసిపోదు. కొనేవాళ్లు రంగు చూస్తారే తప్ప లోపలికి చూడరని నన్ను చేసినవాళ్లకు బాగా తెలుసు.

మొదట నన్ను కొన్నది విజయవాడలో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు. నన్ను భుజాన తగిలించుకుని నలభై ఫోటోలు దిగాడు. మూడు పాఠాలు నేర్చుకున్నాడు. నాలుగో పాఠంలో వేళ్లు కోసుకుపోయాక, సంగీతం తన రక్తంలో లేదని తేల్చేశాడు. తన రక్తాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాడు. నా మెడ మీద వీణకున్నట్టే మెట్లుంటాయి. వాటి అంచులు నున్నగా అరగదీయాలి. నా వంతు వచ్చేసరికి ఫ్యాక్టరీలో భోజనాల గంట కొట్టి ఉంటారు. అంచులు మొనదేలే ఉండిపోయాయి.

చదువు అయ్యాక అతను నన్ను పొన్నూరులో సౌండ్ సర్వీసు నడిపే బెనర్జీకి అమ్మేశాడు. రెండేళ్లు పెళ్లి రిసెప్షన్లలో మోగాను. నా మీద చెమట కారింది, సాంబారు ఒలికింది, ఒకసారి పెళ్లికొడుకు బాబాయి నన్ను పట్టుకుని నాట్యం కూడా చేశాడు. వాల్యూమ్ తిప్పితే పకోడీలు వేగుతున్న చప్పుడు వచ్చేది. వైరు గుచ్చే సాకెట్టు వదులైపోతే బెనర్జీ దానికి రబ్బరుబ్యాండు కట్టి నెట్టుకొచ్చాడు. చివరికి ఒకనాడు పాట మధ్యలో నా గొంతు పూర్తిగా పోయింది. బెనర్జీ నన్ను కాలిపోయిన ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు వ్యానులో వేసుకెళ్లి కృపావరం మోటారు వైండింగ్ షాపులో దించాడు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇమ్మన్నాడు. నన్ను చూపించి, ఈ డొక్కు నాకొద్దు, లోపల రాగి ఏమన్నా ఉంటే తీసుకోండి అన్నాడు. అలా రాగి కింద జమకట్టబడి నేను ఆ షాపుకు చేరాను.

ఆ షాపు గురించి చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ల బోరు మోటార్లన్నీ కాలిపోతే అక్కడికే వస్తాయి. కాలిన తీగ పీకేసి, కొత్త తీగ లెక్కపెట్టి చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెడతారు. కృపావరం చెవికి స్క్రూడ్రైవర్ పిడి ఆనించి, మొన మోటారుకు తాకించి, లోపల బేరింగు ఎలా ఉందో చెప్పేస్తాడు. ప్రతి మోటారులోనూ కాయిల్ కింద ఒక చీటీ పెట్టడం ఆ షాపు పద్ధతి. తేదీ, తీగ మందం చెప్పే గేజి, చుట్ల లెక్క, చుట్టినవాళ్ల పేరు అందులో ఉంటాయి. మళ్లీ ఎప్పుడైనా విప్పితే ఎవరి పనో తెలియాలి కదా.

చుట్టేది ఆయన కూతురు దీవెన. ఇరవై ఆరేళ్లుంటాయి. ఆమె వేళ్లు ఎంత కుదురంటే, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కదు. కానీ చీటీ మీద ఆమె రాసే పేరు మాత్రం కృపావరం. రైతు వచ్చి ఎవరు చుట్టారని అడిగితే, నేనే అంటాడు కృపావరం. ఆడపిల్ల చుట్టిందంటే మోటారు తిరిగి తీసుకుపోతారని ఆయన భయం. దీవెన తల వంచుకుని ఇంకో కాయిల్ అందుకుంటుంది. ఇదంతా బల్ల కింద పడి ఉండి చూస్తూ నాకు ఒళ్లు మండేది.

రాగి కోసమే ఆమె నన్ను విప్పింది. తీగల కింద ఉండే నా పికప్‌ను బయటికి తీసింది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన చిన్న కాయిల్, నా గొంతు అదే. అందులోని తీగ వెంట్రుక కన్నా సన్నం. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. తండ్రిని పిలిచి చూపిస్తే ఆయన కళ్లు చికిలించి, ఇక్కడ వెలుతురు చాలట్లేదు అన్నాడు. అప్పుడు పట్టపగలు పన్నెండు గంటలు. ఆమె తీగను కత్తిరించలేదు. నన్ను బల్ల కింద నుంచి బల్ల మీదికి మార్చింది.

కారణం ఉంది. దీవెన ఆరేళ్లుగా చర్చి పాటల బృందంలో చివరి కుర్చీలో కూర్చుని చర్చివాళ్ల పాత చెక్క గిటారు వాయించేది. ఆ ఏడు అది పగిలిపోయింది. అదే సమయంలో కొత్త కీబోర్డు వచ్చింది. బృందాన్నీ చర్చి కట్టడాన్నీ చూసుకునే సంఘపెద్ద దానియేలు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఒక మీట నొక్కితే కీబోర్డులోనే గిటారు వస్తోంది, ఇంక వేరే గిటారెందుకన్నాడు. చివరి కుర్చీ తీయించేశాడు. దీవెన వెళ్లి, నా దగ్గర ఒకటుంది, బాగుచేసి తెస్తాను అంది. ఆయన, శుభశుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటల ప్రసంగాల్లో నాలుగో మాట తర్వాత వచ్చే పాటకు వాయించు, మోగితే కుర్చీ మళ్లీ వేయిస్తా, గుయ్యిమంటే మాత్రం ఇంకెప్పుడూ అడగొద్దు అన్నాడు. అప్పటికి ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే శ్రమకాలం మొదలై రెండు రోజులైంది.

ఆ సాయంత్రం నా మెట్ల అంచులు ఆకురాయితో అరగదీస్తూ ఆమె నాతోనే అన్నట్టు అంది: "వారమంతా నా చేతిపని నాన్న పేరుతో పోద్ది. ఆదివారం ఒక్కపూటన్నా ఈ చెయ్యి నాదని నలుగురికీ కనపడొద్దా?"

ఆ మాటతో నేనూ పట్టుబట్టాను. కొయ్యముక్క పట్టుబడితే ఏమవుతుందని నవ్వకండి. వంగిన నా మెడ, దాని లోపలి కడ్డీకి ఆమె తాళంచెవి పెట్టి తిప్పినంత మేరా, ఒక్క చిరచిరా లేకుండా తిన్నగా అయింది. అందులో నా వంతు లేదని ఎవరూ అనలేరు. వాల్యూమ్ కంట్రోలు మార్చింది, సాకెట్టు కొత్తది వేసి టంకం పెట్టింది. మెడ చివర తీగలు ఆనుకునే ప్లాస్టిక్ ముక్క అరిగిపోయి ఉంది. శ్రమకాలంలో మాంసం మానేయడం కృపావరం వల్ల కాని పని. ఆయన బలహీనత నాకు కలిసొచ్చింది. ఆదివారం కూరలో ఎముక ఒకటి ఏరి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆరు గాట్లు పెట్టి అక్కడ అమర్చింది. తీగలు దాని మీద ఎంత సుఖంగా కూర్చున్నాయో.

అసలు పని పికప్‌ది. లోపల తీగ తెగిపోయింది, మొత్తం చుట్టాలి. నలభై ఆరో గేజి తీగ విజయవాడ నుంచి తెప్పించింది. చేతి మిషను మీద చుట్టడం మొదలుపెడితే రెండువేల చుట్ల దగ్గర తెగింది. మళ్లీ మొదలుపెడితే ఐదువేల దగ్గర తెగింది. మూడోసారి ఏడువేల ఎనిమిది వందలు పూర్తయ్యాయి. తండ్రీకూతుళ్లిద్దరూ మురిసిపోయారు. ఆ మురిపెంలోనే పొరపాటు జరిగింది. వార్నిష్ పట్టించకుండా కాయిల్ షాపు గడప దాటకూడదన్నాడు కృపావరం. ముప్పై ఏళ్ల అలవాటు. ఆమెకూ అదే అలవాటు. నా కాయిల్‌ను వార్నిష్‌లో ముంచి, మోటార్లతో పాటు బల్బుల వేడికి ఆరబెట్టే పెట్టెలో పెట్టారు. మోటారు ఇనుము. నాది సన్నని ప్లాస్టిక్ చట్రం. తెల్లారి తీసి చూస్తే అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది.

దీవెన ఏడ్చింది. ఒక్క నిమిషమే ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చట్రం కోసం పెట్టెలన్నీ వెతికింది. దొరకలేదు. ఫైబరు అట్ట కోసి తనే చట్రం తయారుచేసింది. మళ్లీ చుట్టింది. చుట్లు కదలకుండా ఏదో ఒకటి పట్టించాలి, కానీ వేడి తక్కువైనది కావాలి. డిసెంబరులో కొవ్వొత్తుల ఆరాధన తర్వాత మిగిలిన ముక్కలన్నీ చర్చి గదిలో అట్టపెట్టెలో పడి ఉన్నాయి. అవి అడిగి తెచ్చుకుంది. నీళ్లగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, ఆ మైనంలో నా కాయిల్‌ను ముంచింది. ఊరందరూ వెలిగించిన కొవ్వొత్తులు నా గొంతులో ఉన్నాయని చెప్పుకోవడం నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ముంచే ముందు చీటీ రాసింది. తేదీ వేసింది, గేజి వేసింది, చుట్లు వేసింది. పేరు దగ్గర చెయ్యి ఆగింది. తండ్రి అవతల బేరింగు వింటున్నాడు. "దీవెన" అని రాసి, గబగబా మడిచి కాయిల్ కింద దోపింది.

గుయ్యిమనకుండా, పాత ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తీసిన రాగి రేకు నా లోపలంతా అతికించింది. షాపులో వాయిస్తే గుయ్యిమనే శబ్దం లేదు. కృపావరం స్క్రూడ్రైవర్ నా ఒంటికి ఆనించి విన్నాడు. "ఎక్కడా రాపిడి లేదమ్మా" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన పొగడ్త లేదు.

శుభశుక్రవారానికి ముందు బుధవారం సాయంత్రం చర్చిలో అభ్యాసం. వైరు గుచ్చగానే, తీగ ముట్టకముందే, గుయ్యిమన్నాను. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కీబోర్డు ముందున్నాయన కిందికి చూశాడు. దానియేలు మాస్టారు చెడ్డవాడు కాడు, మెల్లగానే చెప్పాడు: "నీ కష్టం నేను కాదనట్లేదు. దానిమీద ఎంత పెట్టినా అది ఆ రకమేనమ్మాయ్. వదిలెయ్."

దీవెన వదల్లేదు. సంచిలోంచి టెస్ట్ ల్యాంపు తీసింది, రెండు వైర్లు తగిలించిన బల్బు. ప్లగ్గులో ఒక వైపు పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఎర్తు వైపు పెడితే మిణుకుమిణుకుమంది. "గుయ్యిమనేది గిటారు కాదండి, చర్చి. ఎర్తు పనిచేయట్లేదు" అంది. బృందమంతా ఆమె వైపు చూసింది. ఎర్తు గొయ్యి ఎక్కడుందని అడిగితే ఎవరికీ గుర్తులేదు. వెతగ్గా వెతగ్గా వెనక గోడ దగ్గర, మాస్టారి భార్య వరసగా పెట్టించిన క్రోటన్ కుండీల కింద దొరికింది. కుండీలకు రోజూ నీళ్లు పోస్తున్నారు, గొయ్యి మాత్రం బీటలిచ్చింది. మైకు పెదాలకు తగిలినప్పుడల్లా పాస్టరు గారికి చాలా నెలలుగా ఏదో జివ్వుమంటోందట. ఆయన దాన్ని ఏమనుకున్నారో నేను చెప్పను.

కుండీలు జరిపించి, గొయ్యిలో కల్లుప్పు పోసి, ఆరు బకెట్ల నీళ్లు మోసి పోసింది. బల్బు మళ్లీ పెట్టి చూస్తే తెల్లగా వెలిగింది. మాస్టారు కుండీలను వేరే చోట సర్దించుకున్నాడు. గొయ్యి పూర్తిగా నానడానికి టైము పడుతుందని మర్నాడు కూడా వచ్చి నీళ్లు పోసింది.

శుక్రవారం పన్నెండింటికి ఆరాధన మొదలైంది. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరూ విసనకర్రలు ఊపుతూనే ఉన్నారు. నాలుగో మాట మీద ప్రసంగం ముగిసింది. దీవెన లేచి నా వైరు గుచ్చింది. నాకు భయమేసింది. ఫ్యాక్టరీలోనూ హాస్టల్లోనూ పెళ్లిళ్లలోనూ ఎన్నడూ వేయనంత భయం. వాల్యూమ్ తిప్పింది. ఏ చప్పుడూ లేదు. విసనకర్రల చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఆమె తన చేత్తో తయారుచేసింది. తర్వాత తీగ మీటింది. నేను ఇన్నేళ్లలో మోగింది అదే మొదటిసారి అనుకోండి. అంతకు ముందంతా అరిచాను. పాట అయ్యేసరికి ముందువరసలో ఒక ముసలామె కొంగుతో కళ్లొత్తుకుంది.

మూడింటికి ఆరాధన ముగిసి అందరికీ మజ్జిగ ఇస్తున్నారు. దానియేలు మాస్టారు నేరుగా కృపావరం దగ్గరికి వచ్చాడు. దీవెన ఆ పక్కనే నన్ను సంచిలో పెడుతోంది. "కృపావరం, నీ చెయ్యి చెయ్యేనయ్యా. ఆ డొక్కులో ప్రాణం పోశావు" అన్నాడు.

ఇలాంటి చోట కృపావరం ఏమంటాడో నాకు తెలుసు. ఏదోలెండి, అని నవ్వి ఊరుకుంటాడు. దీవెనకూ తెలుసు. ఆమె తల ఎత్తలేదు, సంచి జిప్పు మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది.

కృపావరం మజ్జిగ గ్లాసు గోడ మీద పెట్టాడు. "నేను కాదండి మాస్టారూ. మా అమ్మాయి జేసింది." అక్కడితో ఆగుతాడనుకున్నాను, ఆగలేదు. "పోయినేడు నాట్లప్పుడు మీ బోరు మోటారు కాలింది గదా, అది చుట్టింది కూడా అమ్మాయే. నాలుగేళ్లబట్టి షాపులో మోటార్లన్నీ తనే చుడతంది. నాకు సన్నతీగ కనపడట్లేదండి. చెప్పుకోవడానికి నామోషీ అయి, నేనే అంటా వచ్చా."

చుట్టూ ఉన్న రైతులు మజ్జిగ తాగడం మానేసి తమ తమ మోటార్లను తలుచుకున్నారు. మాస్టారు దీవెన వైపు తిరిగాడు. "ఆ మోటారు మళ్లీ ఇప్పాల్సిన పని పడలేదమ్మాయ్" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఈస్టరుకి కుర్చీ వేయిస్తానన్నాడు.

ఆ వారమే ఇద్దరు రైతులు తమ మోటార్లు వేరే షాపుకు మోసుకుపోయారు. ఒకాయన నెల తిరక్కుండా తిరిగొచ్చాడు, రెండో ఆయన రాలేదు. నేనిప్పుడు షాపులో మేకుకు వేలాడుతున్నాను, ఆదివారం మాత్రం చివరి కుర్చీలో ఉంటాను. స్క్రూలు మూడు తుప్పు పట్టాయి. ఏదో ఒకరోజు నేనూ పాతసామాన్ల బండి ఎక్కుతాను. ఎవరో రాగి కోసం నా కాయిల్ విప్పుతారు. మైనం రాలి, చీటీ బయటపడుతుంది. నన్ను చేసిన ఫ్యాక్టరీ పేరు అప్పటికి చెరిగిపోయి ఉంటుంది, చీటీలోని పేరు మాత్రం ఉంటుంది. నాకది చాలు.

ఆ ఈస్టరు మర్నాడు సోమవారం మొదటి మోటారు వచ్చింది, ఐదు హార్స్‌పవర్‌ది. మధ్యాహ్నానికి దీవెన చుట్టడం పూర్తిచేసి చీటీ ముందు పెట్టుకుంది. తేదీ, గేజి, చుట్లు రాసింది. అలవాటు చొప్పున "కృ" అని రాయబోయింది. కృపావరం అవతల చేతులు తుడుచుకుంటున్నాడు, ఇటు చూడను కూడా లేదు.

"నీ పేరు రాయమ్మా" అన్నాడు. "పెద్ద అక్షరాలతో రాయి, నాక్కూడా కనపడాల."