కూర్మన్నపాలెం గోడ

ఉక్కు ప్లాంటు యూనియన్‌లో గోడ రాతలంటే ఆ ఇద్దరివే. ఎల్లారావు గోడకి సున్నం కొట్టేవాడు, శ్రీరామ్మూర్తి ఎర్రరంగుతో నినాదం రాసేవాడు. ఉక్రెయిన్ యుద్ధం ఆ జోడీని విడదీసింది.

“రష్యా సైన్యం ఎనక్కెల్లాలని రాద్దాం బావా. బాంబుల కింద సచ్చేది కూలోల్లే కదా,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“నాటో పేరెత్తకుండా ఏటి రాత్తావు? అమెరికావోడికి ఊడిగం సేత్తన్నావా?” అని ఎల్లారావు బ్రష్షు విసిరికొట్టాడు.

కూర్మన్నపాలెం జంక్షన్ గోడ మీద శ్రీరామ్మూర్తి ఒక్కడే రష్యాని తిట్టాడు. ఎల్లారావు దానికి సున్నం కొట్టి నాటోని తిట్టాడు. దాని మీద శ్రీరామ్మూర్తి మళ్లీ సున్నం. మాస్కోలోగానీ వాషింగ్టన్‌లోగానీ ఆ గోడని ఎవరూ చదవలేదు. బస్సు కోసం నిలబడ్డ కార్మికులు మాత్రం చదివి, తలలు తిప్పుకునేవారు.

నిన్న ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే దుర్గ శ్రీరామ్మూర్తి దగ్గరికి వచ్చింది. ఆమెతో పాటు కాంట్రాక్టు ఆడవాళ్లందరినీ ఉన్నపళంగా పనిలోంచి తీసేశారట.

“బాబాయ్, ‘కాంట్రాక్టు కార్మికుల జోలికొస్తే ప్లాంటు ఆగుతుంది’ అని జంక్షన్ గోడ మీద పెద్దచ్చరాలతో రాసారు కదా. దాని కింద ధర్నాకి కూకుందామని అందరం ఎల్లాం. అదేటయిపోనాది?”

రష్యాని తిట్టడానికి చోటు చాలక, ఆ నినాదం మీద మొదటి సున్నం కొట్టింది శ్రీరామ్మూర్తే. అలవాటు లేని పనే అయినా, ఒక్క అక్షరం కూడా కనిపించకుండా కొట్టాడు.