ఏటి అవతలికి చైనా బండి

ఆరు వారాలుగా స్నేహితురాలు దానం ఫోను పలకడం లేదు. స్విచ్ఛాఫ్ అని చెప్పే ఆ ఆడగొంతు లీలావతికి కంఠతా వచ్చేసింది. అయినా రోజుకు నాలుగుసార్లు చేసేది. చేసి, విని, ఫోను మంచం మీద పడేసి, వాకిట్లోకి వెళ్లి గేటు పట్టుకుని నిలబడేది.

కువైట్‌లో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర పదకొండేళ్లు పనిచేశారు ఇద్దరూ. దానం ఏడాది ముందే వచ్చేసింది. లీలావతి వచ్చి ఎనిమిది నెలలు. దానం ఇల్లు నరసాపురం దాటి మొగల్తూరు దారిలో. లీలావతి ఉండేది మలికిపురం దగ్గర, అన్నయ్య దానియేలు ఇంట్లో. మధ్యలో గోదావరి పాయ ఒక్కటే అడ్డం. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక గంటసేపు మాట్లాడుకునేవారు. అలాంటిది ఒక్కసారిగా ఆగిపోయింది.

"వెళ్లి చూసొద్దాం అన్నయ్యా," అంది.

దానియేలు హైస్కూల్లో లెక్కల మాస్టారు. చెల్లెలంటే ప్రాణమే. కానీ బడి, ట్యూషన్లు, సంఘం కమిటీ. "ఈ ఆదివారం చూద్దాంలే లీలా," అనేవాడు. ఆ ఆదివారం ఏదో పెళ్లి వచ్చేది. ఆటో మాట్లాడుకుని వెళ్తానంటే, "ఒక్కదానివి ఎక్కడికెళ్తావ్, నేను తీసుకెళ్తానన్నానుగా," అనేవాడు. అది విన్నప్పుడల్లా లీలావతికి కువైట్ గుర్తొచ్చేది. పదకొండేళ్లూ ఇలాగే గడిచింది. మేడమ్ కారు తీస్తేనే గడప దాటడం, అదీ సంచులు మోయడానికి. పైగా ఇద్దర్నీ కలిపి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ఒకరు వెళ్తే ఒకరు ఇంట్లో ఉండాలి.

ఒక శనివారం పొద్దున్నే చీర మార్చుకుని, "అమలాపురం వెళ్తున్నాను, బండి కొనుక్కోవడానికి," అంది. దానియేలు బనీను మీదే బయటికొచ్చాడు.

"నువ్వు సైకిలు కూడా తొక్కలేదే!"

"తొక్కలేదు."

అతను చొక్కా వేసుకుని వెంట బయల్దేరాడు.

బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన స్కూటర్ల షాపు అది. యజమాని బంగారరాజు కుర్చీ చూపించినా లీలావతి కూర్చోలేదు. వరసగా పెట్టిన బళ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అన్నిట్లోకీ చవకైనది, లేత ఆకుపచ్చ రంగుది, చిన్నది ఒకటి చూసి ఆగింది.

"చైనా నించి డబ్బాల్లో వస్తదండి. మేం ఇక్కడ బిగిస్తామండి," అన్నాడు బంగారరాజు. "పెట్రోలు అక్కర్లేదండి, కరెంటే. స్పీడు ఇరవై అయిదు దాటదు కాబట్టి లైసెన్సు కూడా అక్కర్లేదండి. ఒక్కసారి చార్జింగ్ పెడితే అరవై కిలోమీటర్లండి, ఆయ్."

"పార్టు పోతే?" దానియేలు అడిగాడు.

"పోదండి."

"పోతే?"

"తెప్పిస్తామండి."

"ఎక్కడ్నించి?"

బంగారరాజు కాస్త తగ్గాడు. "అక్కడ్నించేనండి."

దానియేలు చెల్లెలి వంక చూశాడు. ఆవిడ అప్పటికే ఆకుపచ్చ బండి మీద కూర్చుని రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుంటోంది. ఆనాయి. సాయంత్రానికి బండి ట్రాలీ ఆటోలో ఇంటికి చేరింది. దాంతో వచ్చిన పుస్తకంలో బొమ్మలున్నాయి గానీ అక్షరాలన్నీ చైనావాళ్లవి.

నేర్పడానికి పక్కింటి సింహాద్రి ఒప్పుకున్నాడు. రాజోలు డిపోలో ముప్ఫై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. చర్చి వెనకాల ఖాళీ స్థలంలో బండి నిలబెట్టి, "ముందు చక్రం వంక చూడకమ్మా. వెళ్లాల్సిన చోటు చూడు. చూపు ఎటుంటే బండి అటెళ్తది," అన్నాడు.

లీలావతి చూపు ఒక్కచోట ఉంటేగా. మొదటిరోజు రెండుసార్లు పడింది. రెండోరోజు ప్రహరీగోడకు గుద్దింది. మోచేతికి పసుపు పెట్టుకుని మూడోరోజు మళ్లీ వచ్చింది. అయిదోరోజుకు బండి నిలబడింది గానీ, మలుపు దగ్గర ఆవిడ ఇంకా రెండు కాళ్లూ నేలకు ఆనించేస్తోంది.

"ఇంకో పదిరోజులు నేర్చుకో లీలమ్మా. తర్వాత రోడ్డు ఎక్కుదువు గాని," అన్నాడు సింహాద్రి.

"ఆయ్, అలాగే బాబాయిగారూ."

మర్నాడు దానియేలు బడికి వెళ్లగానే చార్జరు సంచిలో పెట్టుకుని, వదినకు చెప్పి, సఖినేటిపల్లి రేవు దారి పట్టింది. వదిన వీధి చివరిదాకా వెనకే నడిచి, "మెల్లిగా వెళ్లండి వదినగారూ," అని కేకేసింది.

కొబ్బరికాయల లారీ వెనక నుంచి హారన్ కొట్టినప్పుడల్లా రోడ్డు దిగిపోయి ఆగింది. సైకిలు మీద వెళ్తున్న ఒక ముసలాయన ఆవిడను దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. రేవులో ఏటవాలు దారి చూసి బండి దిగి నిలబడిపోయింది. ఏరు దాటించే పంటు మీద పనిచేసే మనిషి వచ్చి బండిని నడిపించి ఎక్కించాడు. అవతలి ఒడ్డు చేరేదాకా అందరూ రెయిలింగుకు ఆనుకుని నీళ్లు చూస్తుంటే, లీలావతి మాత్రం హ్యాండిల్ వదల్లేదు.

నరసాపురం ఊళ్లో దారి తప్పి రెండు వీధులు తిరిగింది. ఊరు దాటి అయిదారు కిలోమీటర్లు వెళ్లిందో లేదో, సగమైనా ఉండాల్సిన బ్యాటరీ బొమ్మలో ఒక్క గీతే మిగిలింది. కాసేపటికి అదీ పోయింది. అరవై అన్నది పాతిక కూడా రాలేదు. బండి మూలిగి, రొయ్యల చెరువుల పక్కన ఆగిపోయింది.

చుట్టుపక్కల ఒక్క కాపలాదారు షెడ్డు తప్ప ఏమీ లేదు. అక్కడిదాకా తోసుకెళ్లేసరికి చీర చెమటతో తడిసిపోయింది. కాపలాదారు సత్తిరాజు ఏమీ అడక్కుండా ప్లగ్గు చూపించాడు, నవారు మంచం వాల్చాడు.

లీలావతి కూర్చుంది. లేచింది. చార్జరు మీద ఎర్రదీపం చూసింది. చెరువు గట్టు చివరిదాకా వెళ్లొచ్చి మళ్లీ చూసింది. ఎర్రగానే ఉంది. దానానికి ఒంట్లో బాగోలేదేమో. చనిపోయిందేమో. చనిపోతే తనకు ఎవరు చెప్తారు? ఆ ఇంట్లో తన నంబరు కూడా ఎవరికీ తెలియదు. మళ్లీ గట్టు మీదికి నడిచింది.

"కూర్చోండమ్మా," అన్నాడు సత్తిరాజు. "మీరలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. తొందరపడితే కరెంటు తొందరగా ఎక్కదండి."

గంటన్నర పట్టింది రెండు గీతలు రావడానికి. ఇక ఆగలేక ప్లగ్గు పీకేసింది.

దానం ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కువైట్ దానమ్మ అంటే అందరూ చూపించారు. ఆవిడ వాకిట్లో నిలబడి బట్టలు ఆరేస్తోంది. నిక్షేపంలా ఉంది. కాస్త ఒళ్లు కూడా చేసింది. లీలావతిని చూసి చేతిలో బట్టతో అలాగే ఉండిపోయింది.

"ఫోను ఎందుకు ఆపేసేవే?" లీలావతి గొంతు తనకే గట్టిగా వినిపించింది. "చచ్చిపోయేవనుకున్నాను!"

దానం బట్ట తీగ మీద పడేసింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. పచ్చడి సీసాలు గుడ్డల్లో చుట్టి సర్ది ఉన్నాయి.

లీలావతికి అర్థమైంది. "ఎప్పుడు?"

"గురువారం. కువైటే, వేరే ఇల్లు. ఒక్క ముసలావిడే అంట."

"ఇంకెళ్లకూడదని అనుకున్నాం కదే మనం."

"అనుకున్నాం. నీతో మాట్లాడితే ఆపేస్తావని ఫోను కట్టేసేను." దానం సూట్‌కేసు పక్కన కూలబడింది. "ఉండలేకపోతున్నానే లీలా. కోడలు మంచిదే. కూర్చోండి అత్తయ్యా, నేను చేస్తాను అంటది. బట్టలారేయడం ఒక్కటే నాకు వదిలింది. పొద్దున్న లేచి కూర్చుంటే చీకటి పడేదాకా కూర్చోడమే. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు."

తిట్టాలని వచ్చిన లీలావతి సూట్‌కేసుకు రెండో పక్కన కూర్చుంది. గేటు పట్టుకుని తాను నిలబడ్డ పొద్దులన్నీ గుర్తొచ్చాయి. తనకూ కిందటి నెల కువైట్ ఏజెంటు ఫోను చేశాడు. రానని చెప్పలేదు, ఆలోచిస్తానంది. అది దానానికి చెప్పింది.

తర్వాత దానం లేచి కళ్లు తుడుచుకుంది. "ఆ బండి నీదేనా? నన్నెక్కించు."

"నాకు ఇంకొకళ్లని ఎక్కించుకోవడం రాదే."

"నాకు ఎక్కడం వచ్చేంటి?"

కాలవ గట్టు మీద బయల్దేరారు. బరువుకు బండి ముక్కుతూ కదిలింది. దానం వెనక కూర్చుని నడుం గట్టిగా వాటేసుకుని చెవి పక్కన అరుస్తోంది, "మెల్లిగా, మెల్లిగా" అని. అప్పటికే మనిషి నడిచినంత వేగమే. వంతెన దగ్గర తిప్పబోయి లీలావతి చక్రం వంక చూసింది. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. కుడివైపు అద్దం పగిలింది. దానం అరచెయ్యి గీరుకుపోయింది. ఆవిడ గడ్డిలోంచి లేవకుండానే నవ్వడం మొదలుపెట్టి, ఏడ్చి, మళ్లీ నవ్వింది. లీలావతి ఆవిడ చెయ్యి కొంగుతో తుడుస్తూ, "దెబ్బ చూస్తే అక్కడ ఊరుకుంటారా?" అంది.

"అప్పటికి మానిపోద్దిలే."

ఆ రాత్రి అక్కడే ఉంది. దానియేలు ఫోన్లో పావుగంట అరిచాడు. ఆవిడ అంతా విని, "బండి చార్జింగ్ అవ్వాలి అన్నయ్యా, పొద్దున్న వస్తాను," అంది.

గురువారం దానం వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే ఏజెంటుకు ఫోను చేసి లీలావతి రానని చెప్పింది. చెప్పాక మనసు కుదుటపడలేదు. నిర్ణయం తప్పేమోనని రెండుమూడు రోజులు తిండి సహించలేదు. అద్దం కోసం అమలాపురం వెళ్తే, వచ్చే సరుకుతో తెప్పిస్తానన్నాడు బంగారరాజు. నెల దాటినా రాలేదు.

వర్షాలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం దానం కొత్త నంబరు నుంచి ఫోను చేసింది. ముసలావిడ మంచిదేనట, కాకపోతే రోజంతా టీవీ పెద్దగా పెడుతుందట. మాట్లాడడం అయ్యాక లీలావతి బండి తీసింది.

"ఈ వేళప్పుడు ఎక్కడికి?" అన్నాడు దానియేలు.

"కేశవదాసుపాలెం వైపు."

"అక్కడ ఏం పని?"

"పనేం లేదు."

అతను ఇంకేదో అనబోయి, "బ్యాటరీ చూసుకున్నావా?" అన్నాడు.

"సగం ఉంది," అని ఆవిడ బయల్దేరింది. సరుగుడు తోటలు దాటి, తారు అయిపోయి సముద్రం ఇసుక మొదలయ్యే చోటిదాకా వెళ్లింది. బండి దిగకుండానే కాసేపు గాలి పోసుకుని, చీకటి పడకముందే వెనక్కి తిప్పింది.