బాదం చెట్టుకు తొమ్మిది ఫోన్లు

సాయంత్రం నాలుగింటికల్లా తిజాని చేయవలసినవి: జాబితాలో ఫోను నంబర్లు చెరపాలి. పేర్లేమైనా మిగిలాయేమో చూడాలి. పదిహేనుకంటే తక్కువ ఫోన్లున్న ఊరి గడిని ఖాళీ చేయాలి. ఫైలు ఆరోగ్యశాఖకు పంపాలి. అక్కకు ఫోను చేయాలి.

ట్యూనిస్‌లోని ఆ ఫోను కంపెనీలో అతనికి అదే ఉద్యోగం. యాభై తొమ్మిదేళ్ళు, వంగిన కుడి భుజం, దారం చుట్టిన కళ్ళజోడు. జనం రాకపోకల లెక్క చూసి ఆరోగ్యశాఖ డాక్టరు బండిని ఊళ్ళకు పంపుతుంది. ఎవరు ఎక్కడున్నారో మాత్రం వాళ్ళకు తెలియకూడదు. కొద్ది ఫోన్లున్న చోట మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు గనకే ఆ పదిహేను నియమం.

ఐన్ జహ్రా: తొమ్మిది. అతని చెయ్యి ఆగింది. అది సొంత ఊరు. తొమ్మిదిళ్ళు, అరవై ముగ్గురు మనుషులు, ఇంటికొకటే ఫోను. సిగ్నలు బాదం చెట్టు కిందే అందుతుంది గనక ఫోన్లన్నీ సంచుల్లో కొమ్మలకు వేలాడుతుంటాయి. ఏది మోగితే ఆ ఇంటివాళ్ళను కేకేస్తారు.

అక్కకు ఫోను చేశాడు. ఎవరో కేకేశారు. చాలాసేపటికి ముబారకా వచ్చింది.

"బతికే ఉన్నావురా? పట్నం నీళ్ళు వంటబట్టి మరిచిపోయావనుకున్నా."

"కాలెలా ఉందక్కా?"

"బొటనవేలు నల్లబడింది. డాక్టరు బండి ఆలివ్ గానుగ దాకా వచ్చి వెనక్కి పోతోంది. మేం మనుషులం కామా?"

పక్క బల్ల దగ్గరున్న రౌదాను అడిగాడు. "అమ్మాయీ, ఖాళీ గడి ఉన్న ఊరికి బండి పోదు. గడి ఖాళీ చేస్తే వాళ్ళను కాపాడినట్టా, పోగొట్టినట్టా?"

"నియమం నేర్పింది నువ్వే కదా బాబాయ్! మీ ఊరొచ్చేసరికి సందు వెతుకుతున్నావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. నిజమే. చూపిస్తే తప్పు, దాస్తే తప్పు. ఏది పెద్ద తప్పో ఎంత ఆలోచించినా తేలలేదు. అక్క పంపిన బాదంపప్పు టీలో వేసుకుని, తాగడం మరిచి కూర్చున్నాడు.

చివరికి ఖాళీ కావలసిన నలభై ఒక్క గడులనూ పక్క ఊళ్ళతో కలిపాడు. ఐన్ జహ్రా, గానుగ ఊరు కలిపి ఇరవై ఆరు. కింద రాశాడు: "ఇక్కడ కలిపిన ఊళ్ళున్నాయి. కొన్నిచోట్ల ఇంటికొకటే ఫోను. మనుషుల్ని ఫోన్లతో లెక్కపెట్టవద్దు. ప్రతి ఊరికీ వెళ్ళి అడగండి."

"తప్పు చేశానంటావా?"

"నాకూ తెలీదు బాబాయ్. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది."

నాలుగింటికి ఫైలు వెళ్ళింది. రెండు గుక్కలు తాగి తిజాని లేచాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చివరి స్టాపులో డ్రైవరు భుజం తట్టాడు. తిజాని ఇక లేవలేదు.

పదిహేడో రోజున బండి బాదం చెట్టు దాకా వచ్చింది. ముబారకా బొటనవేలు పోయింది, కాలు నిలిచింది. బండి ఎందుకొచ్చిందో ఆమెకెవరూ చెప్పలేదు. ఫైలు కింద తిజాని అలా రాయడం పద్ధతేనా కాదా అని ఆఫీసులో ఇంకా వాదులాడుకుంటున్నారు.

ఏ లెక్కలోనైనా మీకు ఖాళీ గడి కనబడితే తిజానిని ఒకసారి తలచుకోండి. రౌదా కడగనివ్వని అతని టీ గ్లాసు అడుగున ఒక బాదంపప్పు ఇంకా అంటుకునే ఉంది.