ఊపిరి చాలని కోపం

ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాడికి ఉండే ఆయుధాలు రెండే: హారన్, నోరు. తప్పుదారిలో వచ్చిన లారీ నా హారన్‌ని నుజ్జునుజ్జు చేసి, స్టీరింగుని ఛాతీలోకి దిగ్గొట్టి, ఎడమవైపు అయిదు పక్కటెముకలు విరిచింది. పోనీలే, నోరు మిగిలిందనుకున్నాను. తిట్టడానికి గాలి కావాలని ఆస్పత్రిలో తెలిసింది. సగం మాటకే పక్కలో కత్తి దిగేది. కడుపు నిండా కోపం, ఊపిరి చూస్తే చారెడు.

ఆ కోపంలో ఎక్కువ వాటా ఫిజియో అమ్మాయిది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. నా పక్కలోంచి ఒక గొట్టం బయటికొచ్చి మంచం కింద సీసాలోకి పోతుంటే, రెండో రోజే వచ్చి లేచి కూర్చోమంది. మూడో రోజు నడవమంది. ముందుకు జరగండి, ముందుకు జరగండి అని పోరుతుంది కాబట్టి కండక్టరమ్మ అని పేరు పెట్టాను. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, గాలి లోపలికి పీల్చి బంతుల్ని లేపమంది. మొదటి బంతే సగం లేచి కూలబడేది. పైగా దగ్గమనేది. ఎముకలు విరిగినవాడిని దగ్గమనే మనిషి మీద నాకు ఒళ్లు మండిపోయేది.

అక్క నా పక్షం. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ పోతే, తన చదువు మానుకుని నన్ను పెంచింది. నడిపిస్తే ఎముక ఎలా అతుక్కుంటుందని కండక్టరమ్మతో గొడవ పడేది. ఆ అమ్మాయి అడుగుల చప్పుడు వినపడగానే మంచం చుట్టూ తెర లాగేసి, ఇప్పుడే కునుకు పట్టిందని చెప్పేది. నేను కళ్లు మూసుకుని వంతపాడేవాణ్ని.

అయిదో రోజు పొద్దున జ్వరం వచ్చింది. డాక్టరు వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. ఎడమ ఊపిరితిత్తి అడుగున గాలి ఆడటం లేదట, కఫం పేరుకుపోతోందట. రేపటికల్లా అది బయటికి రాకపోతే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి రావచ్చని చెప్పి వెళ్లాడు. అక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

ఈసారి తెర లాగలేదు. కండక్టరమ్మ వచ్చి, నొప్పి తగ్గడానికి ఇచ్చే ఆకుపచ్చ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారని అడిగింది. ఆకుపచ్చ మాత్రను నేను చూసిన పాపాన పోలేదు. నర్సు మూడుపూటలా చిన్న కప్పులో మాత్రలు అక్క చేతికిచ్చి, తిన్నాక వేయమని చెప్పేది. అక్క వేసినవి నేను మింగేవాణ్ని. ఇద్దరం అక్క వైపు చూశాం. అక్క కిటికీ వైపు చూసింది. తర్వాత సంచిలోంచి కళ్లజోడు డబ్బా తీసి తెరిచింది. అందులో పన్నెండు ఆకుపచ్చ మాత్రలున్నాయి.

"అమ్మ కిడ్నీలు వీటితోనే పోయాయిరా," అంది. "నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?"

అది నిజమే. బట్టలు కుట్టీ కుట్టీ నడుము పట్టేస్తే అమ్మ దుకాణంలో కొన్న మాత్రలు ఏళ్ల తరబడి మింగింది. కానీ నావి డాక్టరు రాసిన మాత్రలు, రక్తం పరీక్ష చేసి మరీ ఇస్తున్నవి. కండక్టరమ్మ ఆ సంగతంతా చెప్పి, చివర ఒక్క మాట అంది.

"నొప్పి తగ్గితేనే దగ్గుతాడమ్మా. దగ్గితేనే బతుకుతాడు."

నేను నోరు తెరిచాను. "నువ్వు" అనగానే కత్తి దిగింది. నాలుగు రోజులు తప్పు మనిషిని తిట్టుకున్నానని ఒక మంట, ఇప్పుడు తిట్టాల్సిన మనిషి ఎదురుగా ఉన్నా తిట్టలేకపోతున్నానని ఇంకో మంట. పళ్లు కొరకడానికి మాత్రం ఊపిరి అక్కర్లేదు కాబట్టి అదే చేశాను.

మాత్ర వేసుకున్న గంటకి కండక్టరమ్మ నన్ను లేపి నిలబెట్టింది. ఛాతీకి దిండు అదిమి పట్టుకోమంది. సీసా అక్క చేతిలో పెట్టి, ఛాతీ కంటే కిందే ఉండాలని హెచ్చరించింది. నొప్పి పోలేదు, కత్తి కాస్తా పిడిగుద్దు అయింది, అంతే. గుమ్మం దాటాం, వరండాలో నర్సుల బల్ల దాటాం. నీళ్ల కుళాయి దగ్గర దగ్గు వచ్చింది. దిండుని శక్తికొద్దీ హత్తుకుని దగ్గాను. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. మూడోసారికి పచ్చటి కఫం ముద్ద కండక్టరమ్మ పట్టుకున్న ట్రేలో పడింది. తర్వాత పీల్చిన గాలి అయిదు రోజులుగా పోని చోటికి పోయింది.

"పన్నెండు మాత్రలు! నన్ను చంపేసేదానివి అక్కా!"

వార్డు తలుపుల్లోంచి తలలు బయటికొచ్చాయి. అంత గట్టిగా అరిచింది నేనేనని నాకే నమ్మకం కుదరలేదు. అక్క కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. సీసా మాత్రం వణకనివ్వలేదు.

"ఆగకు," అంది. "ఇంకా తిట్టు."

ఆవిణ్ని నేను క్షమించలేదు. మెట్ల దాకా, మళ్లీ మంచం దాకా తిడుతూనే నడిచాను. ప్రతి తిట్టుకీ ఊఁ కొడుతూ, సీసాని మోకాలి దగ్గరే పట్టుకుని, అక్క నా పక్కనే నడిచింది.