కాళ్ళు కట్టేసిన ఇల్లు

వానాకాలం వస్తే యామ్నే పొద్దున్నే లేచి, ఇంటి కింద పందుల్ని అదిలించి, ఎనిమిది వెదురు స్తంభాల మొదట్లోనూ ఇంత బియ్యపు కల్లు పోసేది. వరదొస్తే స్తంభాలు నీటితోపాటు ఎదిగేవి, ఇల్లు పైకి లేచేది. నీళ్ళు తీశాక మళ్ళీ కిందికి దిగేది. బ్రహ్మపుత్ర నడుమ మాజులి లంకలో మా మిసింగ్ తెగవాళ్ళ వెదురిళ్ళన్నీ అంతే. "నిరుడు మాది రెండు కణుపులు లేచింది, మీదో?" అని అడుగుతాం, అంతే.

చిక్కల్లా ఆమె మరిది పునారాంతోనే. పట్నంలో తాపీపని నేర్చుకొచ్చి నేలమీద సిమెంటిల్లు కట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా మహానుభావుడు! వదిన పుట్టింటికెళ్ళిన వారంలో, వెదురు పుచ్చిపోతుందని జాలిపడి, ఆమె ఇంటి స్తంభాలన్నిటికీ మొదట్లో కాంక్రీటు దిమ్మెలు పోసేశాడు.

"ఎంత పని చేశావురా! దాని కాళ్ళు కట్టేశావే!" అంది యామ్నే తిరిగొచ్చి చూసి.

"ఊరుకో వదినా. నీ ఇల్లింక నూరేళ్ళుంటుంది."

ఆమె తిరిగొచ్చిన ఎనిమిదో రోజున బ్రహ్మపుత్ర ఊళ్ళోకొచ్చింది. మధ్యాహ్నానికి పునారాం ఇల్లు కిటికీల దాకా మునిగింది. నొప్పులు పడుతున్న భార్య జున్‌తిని పడవలో తెచ్చి వదిన ఇంట్లో చేర్చాడు. మిగతా ఇళ్ళు అప్పటికే పోకచెట్టెత్తు లేచిపోయాయి, నిచ్చెన అందదు.

ఈ ఇల్లు మాత్రం లేవలేదు. వెదురు తడికల నేల సందుల్లోంచి నీళ్ళు పైకి ఉబికాయి. స్తంభాలు గింజుకుంటూ కిర్రుమన్నాయి.

"చాప తడిసిందిరా! నీ నూరేళ్ళు తర్వాత చూద్దాం, ముందు పలుగు తియ్!" అని అరిచింది యామ్నే.

పునారాం మునిగాడు. ఒక్క పోటు, ఒక్క ఊపిరి. ఒక దిమ్మె పగిలింది. విడిపడ్డ స్తంభం చప్పున సాగి, ఇల్లు ఒక పక్కకు ఒరిగింది.

"ఒరేయ్, జున్‌తి జారిపోతోంది! అటు మూలది కొట్టు!"

అటు కొట్టాడు, ఇటు కొట్టాడు. ఏడు పగిలాయి. ఎనిమిదోది ఇనపచువ్వ వేసి మరీ పోసింది. పలుగు చేయి జారి వరదలో పోయింది. గోళ్ళతో గీరాడు. ఇక చాతకాక పైకి తేలి స్తంభాన్ని వాటేసుకుని ఏడ్చేశాడు.

"ఇంటితల్లీ, బుద్ధి గడ్డి తిని చేశాను. నన్ను ముంచెయ్, వాళ్ళని లేపు!"

అడుగున దిమ్మె ఫెళ్ళుమంది. ఇల్లు సమంగా పైకి లేచింది, స్తంభం అతన్ని నీళ్ళలోంచి లేవనెత్తి గడప పక్కన ఆగింది. లోపల యామ్నే చేతుల్లో పసిగుడ్డు కేరుమంటోంది.

"ఆడపిల్ల. రా, ఎత్తుకో."

"వదిలితే ఇల్లు పడిపోతుందేమో వదినా!"

"నువ్వు పట్టుకోబట్టేరా అది ఇక్కడ ఆగింది. వదులు."

పునారాం వదిలాడు. కూతుర్ని అందుకున్నాడు. ఇల్లు ఇంకో కణుపు లేచింది.